వేడికీ ఒక మోతాదు ఉంది

క్యాన్సర్ కణాలకు మందుతో పాటు వేడి కూడా పెట్టి చూసిన ప్రాజెక్టు రిపోర్టులు చదివితే ఒక సంగతి కనిపిస్తుంది. మందు గురించి రాసేటప్పుడు మైక్రోమోలార్లు, లాట్ నంబరు, ఎందులో కరిగించారు, ఎంతసేపు ఉంచారు, అన్నీ ఉంటాయి. వేడి దగ్గరికి వచ్చేసరికి "43 డిగ్రీల దగ్గర గంట" అని ఒక్క ముక్కతో సరిపెడతారు. ఆ 43 ఎక్కడ కొలిచారు? వాటర్ బాత్ డిస్‌ప్లే మీదా, నీళ్లలోనా, కణాలు పెరిగే ద్రవం, అంటే మీడియాలోనా? గంట ఎప్పటి నుంచి లెక్క? ఈ రెండింటికీ జవాబు లేకపోతే ఆ రిపోర్టులో చివర కనిపించే "సినర్జీ" (రెండూ కలిస్తే విడివిడి ప్రభావాల లెక్కను మించిన ఫలితం రావడం) అన్న మాటను నేను నమ్మను.

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఉంది, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, స్విమ్స్ ఉంది, ఐసర్ ఉంది. ఊళ్లో బయాలజీ చదివే పిల్లలకు కొదవ లేదు. కల్చర్ రూము ఒకటి ఉంటే చాలు, ఖరీదైన కొత్త పరికరం కొనకుండా ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా చేయదగ్గ పని ఇది. ఒక వాటర్ బాత్, నమ్మదగ్గ థర్మామీటర్, ల్యాబుల్లో పెంచే హీలా అనే క్యాన్సర్ కణాలు, సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు. అందుకే చేతిపని వివరాలతో రాస్తున్నాను.

ముందు వేడి లెక్క. 1984లో సపరేటో, డ్యూయీ అనే ఇద్దరు వేడి మోతాదుకు ఒక కొలత పెట్టారు: ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంతసేపు ఉంచినా, అది 43 డిగ్రీల దగ్గర ఎన్ని నిమిషాలకు సమానమో చెప్పడం. 43కు పైన ఒక్కో డిగ్రీ పెరిగితే అదే ప్రభావానికి సగం సమయం చాలు. 43కు కింద ఒక్కో డిగ్రీ తగ్గితే నాలుగు రెట్ల సమయం కావాలి. దీన్ని అంకెల్లో పెట్టి చూడండి. 42 డిగ్రీల దగ్గర 60 నిమిషాలంటే 43 దగ్గర 15 నిమిషాలే. 44 దగ్గర 30 నిమిషాలంటే 43 దగ్గర 60 నిమిషాలు. ఇక మన బాత్ అరడిగ్రీ తప్పిందనుకుందాం. 42.5 దగ్గర గంట ఉంచితే కణాలకు అందింది 30 నిమిషాల మోతాదు. 43.5 దగ్గర గంట ఉంచితే 85 నిమిషాల మోతాదు. రెండింటికీ నోట్‌బుక్‌లో "43, 1 గంట" అనే రాస్తాం, మధ్య తేడా మాత్రం దాదాపు మూడు రెట్లు! సిస్‌ప్లాటిన్ మోతాదులో మూడు రెట్ల తప్పు జరిగితే గైడ్ ఊరుకోరు. వేడిలో జరిగితే ఎవరికీ తెలియనే తెలియదు.

అందుకని మొదట సరిచూసుకోవాల్సింది థర్మామీటర్‌ను. ల్యాబ్‌లో తేలిగ్గా దొరికే కె-టైప్ థర్మోకపుల్‌కు తయారీదారులు ఇచ్చే మామూలు హామీ ప్లస్ ఆర్ మైనస్ 2.2 డిగ్రీలు. ఈ పనికి అది అలాగే పనికిరాదు. ప్లాటినమ్ నిరోధంతో వేడిని కొలిచే క్లాస్ ఏ పీటీ-100 ప్రోబ్ అయితే 43 దగ్గర పావు డిగ్రీ లోపల ఉంటుంది. ఏది వాడినా రెండు చోట్ల సరిచూడండి. డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన ఐసు దంచి, కొంచెం అదే నీళ్లు పోసి, ప్రోబ్ ముంచి కలుపుతూ చూస్తే సున్నా చూపించాలి. రెండోది, బాత్‌ను 41 దగ్గర పెట్టి మందుల షాపులో దొరికే మంచి డిజిటల్ జ్వరం థర్మామీటర్‌తో పోల్చడం. వాటి ఖచ్చితత్వం ఆ పరిధిలో సాధారణంగా 0.1 డిగ్రీ. ఇది కాలిబ్రేషన్ సర్టిఫికెట్‌కు బదులు కాదు, కానీ డిగ్రీన్నర తప్పు చూపిస్తున్న డిస్‌ప్లేను పట్టుకోవడానికి ఇది చాలు.

తర్వాత పాత్ర. 96 చిన్న గుంతలు (వెల్స్) ఉండే ప్లాస్టిక్ ప్లేటును నేరుగా వాటర్ బాత్ మీద తేలేయడం అందరూ చేసే పని, అన్నిటికన్నా ఎక్కువ తప్పు జరిగేదీ అక్కడే. ప్లేటును తిరగేసి చూడండి: వెల్స్ అడుగు కన్నా చుట్టూ ఉన్న అంచు కిందికి దిగి ఉంటుంది. నీళ్ల మీద పెట్టగానే ఆ అంచు లోపల గాలి చిక్కుకుంటుంది. అంటే వెల్‌కూ నీళ్లకూ మధ్య గాలి పొర. గాలి వేడిని సరిగా చేరనివ్వదు. అంచున ఉన్న వెల్స్ ఒకలా, నడిమివి ఒకలా వేడెక్కుతాయి. ఇడ్లీ పాత్రలో నీళ్లకు దగ్గరగా ఉన్న ప్లేటూ పైన ఉన్న ప్లేటూ ఒకేసారి ఉడకవు కదా, అలాగే. పైగా మూత లోపల ఆవిరి పట్టి మీడియా తగ్గుతుంది, మందు గాఢత పెరుగుతుంది.

నా ఓటు 25 చదరపు సెంటీమీటర్ల ఫ్లాస్కుకే. మూత బిగించి నీళ్లలో పూర్తిగా ముంచొచ్చు. ఫిల్టర్ మూత కాకుండా గట్టి మూత ఉన్నది తీసుకోవాలి, లేకపోతే బాత్ నీళ్లు లోపలికి వస్తాయి. ఫ్లాస్కు తేలకుండా పైన స్టీలు రింగు బరువు పెట్టాలి. అడుగు సమంగా ఉండేలా రంధ్రాల స్టీలు తట్ట మీద పడుకోబెట్టాలి. నీళ్లు తిప్పే మోటారున్న బాత్ అయితేనే మూలమూలకూ ఒకే వేడి ఉంటుంది. బాత్‌లో బోరు నీళ్లు పోయకండి. నెల తిరక్కుండానే హీటర్ మీద తెల్లటి సున్నపు పొర కడుతుంది, ఆ తర్వాత ఉష్ణోగ్రత పైకీ కిందికీ ఊగుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసి, మూత పెట్టి, మట్టం గుర్తు వేసుకోండి.

కణాలున్న ఫ్లాస్కులతో పాటు ఒక ఉత్తి ఫ్లాస్కు కూడా పెట్టాలి. అందులో అంతే మీడియా, 5 మిల్లీలీటర్లు. మూతకు రంధ్రం చేసి ప్రోబ్ దూర్చి సిలికాన్‌తో మూసి, దాని కొన అడుగుకు ఆనుకునేలా పెట్టండి. నిమిషానికి ఒకసారి రీడింగ్ రాయండి. లాగర్ ఉంటే మరీ మంచిది. 37 దగ్గరున్న ఫ్లాస్కు 43కు చేరడానికి పట్టే నిమిషాలను గంటలో కలపకూడదు. ఉత్తి ఫ్లాస్కు 42.8 దాటాకే గడియారం మొదలుపెట్టాలి. ఈ ఆలస్యం తగ్గించే ఉపాయం ఒకటుంది: పాత మీడియా తీసేసి, ముందే 43 దగ్గర వేడి చేసి ఉంచిన మీడియా పోసి, వెంటనే ముంచడం. బాత్‌లో కార్బన్ డయాక్సైడ్ ఉండదు కాబట్టి బైకార్బనేట్ ఒక్కటే ఉన్న మీడియా కాసేపట్లో క్షారంగా మారి ఫినాల్ రెడ్ గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆమ్ల, క్షార సమతూకాన్ని నిలిపే హెపెస్ అనే బఫర్ 25 మిల్లీమోలార్ కలిపిన మీడియా వాడితే ఆ బాధ ఉండదు. 37 దగ్గర ఉంచే కంట్రోల్ ఫ్లాస్కులను ఇంక్యుబేటర్‌లో వదిలేయకండి. వాటికీ అదే మీడియా పోసి, మూత బిగించి, 37 దగ్గర పెట్టిన ఇంకో బాత్‌లో అంతేసేపు ముంచాలి. లేకపోతే మీరు పోల్చేది వేడిని కాదు, రెండు వేర్వేరు పాత్రలను.

కణాలు సస్పెన్షన్‌లో ఉన్నా పర్వాలేదంటే పీసీఆర్ మెషిన్ కూడా మంచి సాధనమే. 0.2 మిల్లీలీటర్ల ట్యూబులో 50 నుంచి 100 మైక్రోలీటర్ల కణాలు వేస్తే అనుకున్న ఉష్ణోగ్రతకు త్వరగా చేరతాయి. ఒక్క జాగ్రత్త: మెషిన్ మూత మామూలుగా 105 డిగ్రీల దగ్గర వేడిగా ఉంటుంది. ప్రోగ్రామ్‌లో దాన్ని 45కు దించకుండా నడిపితే ట్యూబు పైభాగం కాలిపోతుంది, వేడి ఒక్కటే పెట్టిన కంట్రోల్‌లోనే కణాలన్నీ చచ్చి ఉంటాయి.

ఇప్పుడు మందు. సిస్‌ప్లాటిన్‌ను డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించకండి. మిగతా మందులన్నీ అందులోనే కరిగించే అలవాటు వల్ల ఇది తరచూ జరుగుతుంది. డీఎంఎస్‌ఓలోని గంధకం ప్లాటినమ్‌ను పట్టుకుంటుంది, మందు బలం పోతుంది. దాన్ని కరిగించాల్సింది 0.9 శాతం సెలైన్‌లో, మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున. అణుభారం 300 కాబట్టి అది 3.33 మిల్లీమోలార్. కరగడానికి టైము పడుతుంది, 37 దగ్గర కాసేపు ఉంచి వోర్టెక్స్ చేయాలి. వెలుతురు తగలకుండా రేకు చుట్టాలి. ఫ్రిజ్‌లో పెడితే పసుపు పచ్చ స్ఫటికాలు అడుగున దిగుతాయి, పైనున్న ద్రవంలో మందు తగ్గిపోతుంది. అల్యూమినియం భాగాలున్న సూది తగలకూడదు, ప్లాటినమ్ విడివడి నల్లటి మడ్డి దిగుతుంది.

సెలైనే ఎందుకు? సిస్‌ప్లాటిన్‌లో ప్లాటినమ్‌కు రెండు క్లోరైడ్లు అతుక్కుని ఉంటాయి. సెలైన్‌లో క్లోరైడ్ 154 మిల్లీమోలార్ ఉంటుంది కాబట్టి అవి ఊడిపోవు. కణం లోపల క్లోరైడ్ చాలా తక్కువ. అక్కడికి చేరగానే క్లోరైడ్ ఊడి, ఆ చోటికి నీటి అణువు వస్తుంది. ఆ రూపమే డీఎన్‌ఏలోని గ్వానిన్‌ను పట్టుకుంటుంది. వేడి ఈ చర్యలను త్వరపెడుతుంది, మందు కణంలోకి ఎక్కువగా వెళ్లేలా చేస్తుంది, దెబ్బతిన్న డీఎన్‌ఏను కణం బాగుచేసుకునే పనినీ అడ్డుకుంటుంది. 41 నుంచి 42.5 డిగ్రీల దగ్గర బీఆర్‌సీఏ2 ప్రోటీన్ విరిగిపోతుందని 2011లో చూపించారు. ఆ మరమ్మతు చేసే యంత్రాంగంలో అది ముఖ్యమైన భాగం. అందుకే సిస్‌ప్లాటిన్‌కు వేడి తోడైతే ఫలితం ఉంటుందని ఆశించడానికి గట్టి కారణం ఉంది. 5-ఫ్లోరోయురాసిల్ లాంటి యాంటీమెటబొలైట్లతో అంత కలిసిరాదు. డాక్సోరుబిసిన్‌తో 42 దాటాక కానీ తేడా కనబడదు. మందు మారిస్తే మొత్తం లెక్క మారుతుందని గుర్తుంచుకోవాలి.

ఒక గంట ఎక్స్‌పోజర్‌కు మొదటి పరీక్షగా 1, 3, 10, 30, 100 మైక్రోమోలార్ల దగ్గర చూడండి. మిల్లీలీటరు మీడియాకు 3.33 మిల్లీమోలార్ స్టాక్ 30 మైక్రోలీటర్లు వేస్తే 100 మైక్రోమోలార్, 9 వేస్తే 30, 3 వేస్తే 10. కిందివి సెలైన్‌లో పలుచన చేసి వేయాలి. ప్రతి ఫ్లాస్కులోనూ సెలైన్ మొత్తం ఒకటే ఉండాలి, మందు లేని వాటికి కూడా మిల్లీలీటరుకు 30 మైక్రోలీటర్ల ఉత్తి సెలైన్. సీరమ్ ప్రోటీన్లు సిస్‌ప్లాటిన్‌ను పట్టేస్తాయి కాబట్టి సీరమ్ శాతం కూడా అన్నిట్లో ఒకటే ఉండాలి. మందూ వేడీ ఒకేసారి మొదలై ఒకేసారి ముగిస్తే సిస్‌ప్లాటిన్‌కు ఫలితం బాగుంటుంది. గంట కాగానే మందు తీసి, గోరువెచ్చని పీబీఎస్‌తో (కణాలను కడిగే ఉప్పు ద్రావణం) రెండుసార్లు కడగాలి.

ఈ కడగడం దగ్గరే ఇంకో మోసం ఉంది. వేడి తగిలిన హీలా కణాలు గుండ్రంగా ముడుచుకుని అడుగు వదిలి లేస్తాయి. అందులో చాలా వరకు బతికే ఉంటాయి. కడిగేటప్పుడు అవి పీబీఎస్‌తో పాటు వేస్ట్ సీసాలోకి పోతాయి, మనం చచ్చాయని రాసుకుంటాం. తీసిన మీడియా, పీబీఎస్ రెండూ ట్యూబులో పట్టి, సెంట్రిఫ్యూజ్‌లో 200 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పి, అడుగున చేరిన కణాలను ఫ్లాస్కులోని వాటితో కలిపి లెక్కపెట్టాలి.

ఫలితం కొలవడానికి ఎంటీటీ (రంగును బట్టి బతికిన కణాలను అంచనా వేసే పరీక్ష) అందరికీ తెలిసిందే. ఫ్లాస్కు నుంచి తీసి లెక్కపెట్టిన కణాలను 96 వెల్ ప్లేటులో వేస్తారు: వెల్‌కు 3,000 నుంచి 5,000 కణాలు, 100 మైక్రోలీటర్ల మీడియా, మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల ఎంటీటీ ద్రావణం 10 మైక్రోలీటర్లు, 3 నుంచి 4 గంటలు, ఆపైన డీఎంఎస్‌ఓ, 570 నానోమీటర్ల దగ్గర రీడింగ్. బయటి 36 వెల్స్‌లో పీబీఎస్ పోసి లోపలి 60 వాడండి. కానీ ఎంటీటీ కొలిచేది కణం చావును కాదు, ఎంటీటీని రంగుగా మార్చే ఎంజైముల పనిని. వేడి ఆ ఎంజైములనే కాసేపు మందగింపజేస్తుంది. వేడి పెట్టిన రోజే రీడింగ్ తీస్తే కోలుకోబోయే కణం కూడా చచ్చినట్టే కనబడుతుంది. 48 నుంచి 72 గంటలు ఆగాలి.

నిజానికి ఈ పనికి సరైన పరీక్ష కాలనీలు లెక్కపెట్టడమే. కంట్రోల్ నుంచి 200 కణాలు, ట్రీట్‌మెంట్ నుంచి 500, 1,000, 5,000 చొప్పున 60 మిల్లీమీటర్ల డిష్‌లలో వేసి, 10 నుంచి 12 రోజులు కదపకుండా ఉంచి, మెథనాల్‌తో ఫిక్స్ చేసి, 0.5 శాతం క్రిస్టల్ వయొలెట్ వేసి, 50 కణాలకు తగ్గని గుంపులనే కాలనీగా లెక్కపెట్టాలి. 200 వేస్తే 120 కాలనీలు వచ్చాయంటే ప్లేటింగ్ ఎఫిషియెన్సీ 60 శాతం. ట్రీట్‌మెంట్ డిష్‌లో 1,000 వేస్తే 90 వచ్చాయంటే 9 శాతం. 9ని 60తో భాగిస్తే 0.15, బతికింది అంత.

ఇక ఆ "సినర్జీ" మాట. కనీసం నాలుగు గ్రూపులు కావాలి: మందూ వేడీ లేనిది, మందు ఒక్కటే, వేడి ఒక్కటే, రెండూ. వేడి ఒక్కటే పెడితే 0.80, మందు ఒక్కటే వేస్తే 0.60 బతికాయనుకోండి. రెండూ దేని దారిన అవి పనిచేస్తే 0.80ని 0.60తో గుణించగా వచ్చే 0.48 బతకాలి. బ్లిస్ పద్ధతి అంటే ఇదే. మీకు 0.46 వచ్చిందంటే అది కూడిక మాత్రమే, సినర్జీ కాదు. 0.25 వచ్చి, వేర్వేరు రోజుల్లోనూ అలాగే వస్తే అప్పుడు మాట్లాడొచ్చు. ఒకే ప్లేటులోని 6 వెల్స్ 6 ప్రయోగాలు కావు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పాసేజ్‌లతో (కణాలను కొత్త ఫ్లాస్కులోకి మార్చి పెంచిన విడతలు) కనీసం 3 సార్లు చేయాలి.

ఈ నాలుగు గ్రూపుల పట్టుదల ఎందుకంటే, ఆసుపత్రిలో ఇది దాదాపు కుదరదు. కడుపులోపల వేడి సిస్‌ప్లాటిన్ తిప్పే హైపెక్ పద్ధతి మీద 2018లో ఒక ముఖ్యమైన ట్రయల్ ఫలితాలు వచ్చాయి. అండాశయ క్యాన్సర్ ఉన్న 245 మంది, 40 డిగ్రీల ద్రవం, 90 నిమిషాలు. ఆపరేషన్‌తో పాటు హైపెక్ చేసినవాళ్లు సగటున ఎక్కువ నెలలు బతికారు, మీడియన్ 33.9 నెలల నుంచి 45.7కు పెరిగింది. కానీ ఆ మేలు వేడిదా, కడుపులోకి నేరుగా ఇచ్చిన మందుదా అన్నది ఆ ట్రయల్ చెప్పలేదు, ఎందుకంటే వేడి లేకుండా అదే మందు కడుపులోకి ఇచ్చిన గ్రూపు లేదు. మనుషుల దగ్గర అడగడం కష్టమైన ఆ ప్రశ్నను ఫ్లాస్కు దగ్గర తేలిగ్గా అడగొచ్చు. అలాంటి చోట కూడా ఒక గ్రూపు ఎగ్గొడితే ఎలా?

తిరుపతి వాతావరణానికి సంబంధించిన సంగతి ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. కల్చర్ ఇంక్యుబేటర్‌కు వేడి చేయడమే వచ్చు, చల్లబరచడం రాదు. గది ఉష్ణోగ్రత దాని సెట్టింగ్ కన్నా కనీసం 5 డిగ్రీలు తక్కువ ఉంటేనే 37 దగ్గర నిలబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగిందనుకోండి, ఇంక్యుబేటర్ మాత్రం యూపీఎస్ మీద నడుస్తూనే ఉంటుంది. గది 36కు చేరుతుంది, లోపల 39, 40కి పోతుంది. కణాలు చావవు, చూడటానికి బాగానే ఉంటాయి. కానీ ఆ కొద్దిపాటి వేడికే హెచ్‌ఎస్‌పీ70 లాంటి ప్రోటీన్లను తయారు చేసుకుంటాయి. దానివల్ల తర్వాతి వేడిని తట్టుకునే శక్తి వస్తుంది. దీన్ని థర్మోటాలరెన్స్ అంటారు, రెండు మూడు రోజుల దాకా నిలుస్తుంది. మర్నాడు మీరు 43 దగ్గర గంట ఉంచితే, వెనకటి వారం చచ్చినన్ని చావవు. మందు లాట్ మారిందనో, సీరమ్ బాగాలేదనో వెతుకుతూ కూర్చుంటాం. ఇంక్యుబేటర్‌లో కనిష్ఠం, గరిష్ఠం గుర్తుంచుకునే చిన్న థర్మామీటర్ పెట్టి, రోజూ ఉదయం రాసి, సున్నా చేయండి. గరిష్ఠం 38 దాటిందంటే ఆ బ్యాచ్‌తో ప్రయోగం వద్దు, మూడు నాలుగు రోజులు మామూలుగా పెంచాకే చేయండి. ఒకే కణాలకు వరుసగా రెండు రోజులు వేడి పెట్టే ప్లాన్ వేసినా ఇదే అడ్డొస్తుంది.

వేరే భౌతిక పద్ధతుల గురించి క్లుప్తంగా. బ్లియోమైసిన్‌తో విద్యుత్ పల్సులు కలిపితే ఫలితం చాలా గట్టిగా ఉంటుంది, ఎందుకంటే ఆ మందు తనంతట తాను కణంలోకి సరిగా పోలేదు. 100 మైక్రోసెకన్ల పల్సులు 8, సెంటీమీటరుకు 1,000 వోల్టులు, అంటే 4 మిల్లీమీటర్ల క్యూవెట్‌కు 400 వోల్టులు. బ్యాక్టీరియాలోకి ప్లాస్మిడ్ ఎక్కించే మెషిన్ క్రమంగా తగ్గే పల్సు ఇస్తుంది, చదరపు పల్సు ఇవ్వదు, దానితో ఇది కుదరదు. అల్ట్రాసౌండ్ చేస్తామని బాత్ సోనికేటర్‌లో ట్యూబులు ముంచేవాళ్లు ముందు అందులో నీళ్ల ఉష్ణోగ్రత కొలవాలి. 15 నిమిషాలు నడిపితే నీళ్లు వేడెక్కుతాయి, చంపింది శబ్దమో వేడో తెలియదు.

హీలా కణాల్లో హెచ్‌పీవీ-18 వైరస్ డీఎన్‌ఏ భాగాలు ఉంటాయి, బయోసేఫ్టీ రెండో స్థాయి జాగ్రత్తలు తప్పవు. సిస్‌ప్లాటిన్ తగిలిన మీడియా, టిప్పులు, గ్లవ్స్ సింకులోకి, మామూలు చెత్తలోకి పోకూడదు. సైటోటాక్సిక్ అని రాసిన పసుపు సంచిలో వేరుగా పెట్టి బయోమెడికల్ వేస్ట్ వాళ్లకు ఇవ్వాలి. ఇంట్లో క్యాన్సర్ పేషెంటు ఉండి ఇది చదువుతున్నవారికి ఒక మాట: ఇక్కడ చెప్పిన వేడి ఫ్లాస్కులో పెరిగే కణాలకు. వేడి కాపడాలు, ఆవిరి స్నానాలు దీనికి సాటిరావు, కీమో రోజుల్లో డాక్టర్‌ను అడగకుండా వాటి జోలికి పోకండి.

మొదలుపెట్టేవాళ్లు మొదటి వారం మందు ముట్టుకోకుండా వేడి ఒక్కటే పెట్టి 0, 15, 30, 45, 60, 90 నిమిషాల గీత గీయండి. మూడు వేర్వేరు రోజులు. మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితేనే మీ బాత్, ప్రోబ్, ఇంక్యుబేటర్ మూడూ సరిగ్గా ఉన్నట్టు. అందులో 20 శాతం కణాలు తగ్గిన చోటును మీ ప్రయోగానికి వేడి మోతాదుగా తీసుకోండి. వేడి ఒక్కటే 80 శాతం చంపేస్తే మందు ఏం కలిపిందో చూడటానికి చోటే మిగలదు. సిస్‌ప్లాటిన్ స్టాక్ రెండో వారంలో కలపండి.